రెండు పట్టీలా, మూడా? కిల్టు నడుము దగ్గరి లెక్క

కిల్టు అంటే స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల దుస్తు. దాన్ని కుట్టించుకునేవాళ్లు ముందు టార్టాన్, అంటే గళ్ల ఉన్ని బట్ట, చూస్తారు. ఏ గళ్లు, ఏ రంగులు, ఏ వంశం పేరుతో ఉన్నది అన్నదాని మీదే గంటలు గడుస్తాయి. తర్వాత ధర. నడుము పక్కన ఉండే తోలు పట్టీలనూ బకిళ్లనూ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మహా అయితే వెండి రంగు కావాలా, ఇత్తడి రంగు కావాలా అన్న ఒక్క ప్రశ్నతో ఆ సంగతి ముగుస్తుంది. కుట్టేవాళ్ల మధ్య మాత్రం వీటి మీద తెగని వాదాలు ఉన్నాయి. రెండు పట్టీలు చాలా, మూడు ఉండాలా? వెడల్పు అంగుళమా, అంగుళంపావా? బకిల్‌ను పట్టి ఉంచే ముక్క తోలుతో చేయాలా, కిల్టు బట్టతోనే చేయాలా? బయటివాళ్లకు ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. కిల్టు లోపల ఏముందో తెలిస్తే అలా అనిపించదు.

కిల్టు అంటే నిజానికి ఒకే పొడవాటి బట్ట. ఒక చివర కుచ్చిళ్లు లేని సాదా భాగం, మధ్యలో కుచ్చిళ్లు, రెండో చివర మళ్లీ సాదా భాగం. సాదా భాగాలను ఏప్రన్లు అంటారు. మగవాళ్ల కిల్టులో లోపలి ఏప్రన్ కుడి తుంటి దగ్గర మొదలై పొట్ట మీదుగా ఎడమకు వస్తుంది. కుచ్చిళ్లు వెనకంతా పరుచుకుంటాయి. పై ఏప్రన్ ఎడమ తుంటి దగ్గర మొదలై కుడికి వెళ్లి ఆగుతుంది. ముందు నుంచి చూసేవాళ్లకు కనబడేది ఈ పై ఏప్రన్ ఒక్కటే. దాని కుడి అంచున దారాలు వేలాడుతుంటాయి.

పట్టీల స్థానాలు దీన్నిబట్టే వచ్చాయి. పై ఏప్రన్ కుడి అంచుకు లోపలివైపు నుంచి ఒక పట్టీ కుడతారు. అది కుడి తుంటి మీద, కుచ్చిళ్లు మొదలయ్యే చోట ఉన్న బకిల్‌లోకి వెళ్తుంది. లోపలి ఏప్రన్ ఎడమ అంచుకు ఇంకొకటి ఉంటుంది. అది పై ఏప్రన్ కింద దాగి ఉంటుంది కాబట్టి, ఏప్రన్‌కూ కుచ్చిళ్లకూ మధ్య నిలువుగా తీసిన కాజాలోంచి దాన్ని బయటికి లాగి ఎడమవైపు బకిల్‌కు పెడతారు. కట్టుకునేటప్పుడు మొదట బిగించేది దీన్నే. మూడోది ఉంటే అది కుడివైపే, నడుము పట్టీకి కింద, తుంటి మీద. వాదమంతా దాని గురించే. అక్కడికి వచ్చేముందు బరువు సంగతి చూడాలి.

సంప్రదాయ కిల్టుకు 8 గజాల బట్ట అంటారు. రెట్టింపు పన్నా ఉన్న ఉన్ని బట్ట 4 గజాలు తీసుకుని, పొడవునా రెండు పాయలుగా చీల్చి, చివరలు కలిపితే 8 గజాలవుతుంది. బరువు కిల్టులకు 16 ఔన్సుల రకం వాడతారు. అంటే రెట్టింపు పన్నా బట్ట గజానికి 16 ఔన్సులు, దాదాపు 450 గ్రాములు. 4 గజాలకు 1.8 కిలోలు. లోపలి కాన్వాస్, లైనింగ్, తోలు, లోహం కలుపుకుంటే 2 కిలోలకు కొంచెం అటూ ఇటూ. 13 ఔన్సుల బట్టతో కుడితే కొంత తగ్గుతుంది, సైనిక దళాల రకంతో కుడితే ఇంకా పెరుగుతుంది. ఈ మొత్తం నడుము మీద నిలబడాలి. ఫోటోల్లో కిల్టు మీద కనిపించే రెండుంపావు అంగుళాల వెడల్పు బెల్టు దీన్ని మోస్తుందని చాలామంది అనుకుంటారు. అది అలంకారం. వెయిస్ట్‌కోటు వేసుకునే రోజున సంప్రదాయం ప్రకారం ఆ బెల్టును తీసేస్తారు కూడా, అయినా కిల్టు జారిపోదు. ముందు వేలాడే స్పోరన్ సంచీకి దాని గొలుసు పట్టీ వేరే ఉంది. పై ఏప్రన్ కింది మూలన గుచ్చే కిల్టు పిన్నుదీ ఇదే కథ. దాన్ని పై ఏప్రన్‌కు మాత్రమే పెట్టాలి. రెండు ఏప్రన్లనూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు బట్ట లాక్కుపోయి చిరుగుతుంది.

బరువు మోయడం కంటే కష్టమైన పని ఇంకోటుంది. కిల్టు కుచ్చిళ్లను నడుము నుంచి తుంటి దాకా చేత్తో కుట్టేస్తారు. ఈ కుట్టిన భాగాన్ని ఫెల్ అంటారు. కింద భాగం స్వేచ్ఛగా ఊగుతుంది. తుంటి కంటే నడుము సన్నం కాబట్టి, పైకి వెళ్లేకొద్దీ ప్రతి కుచ్చిలినీ కాస్త కాస్త సన్నబరుస్తూ కుడతారు, అదీ టార్టాన్ గళ్ల గీతలు తప్పకుండా. అయితే అన్ని గజాల బట్ట మడతల మీద మడతగా నడుము దగ్గర చేరితే వీపు కింద చిన్న దిండు కట్టినట్టు ఉంటుంది. అందుకని ఫెల్ లోపల మడతల్లో ఎక్కువైన బట్టను కత్తిరించి తీసేస్తారు. చూడటానికి నడుము దగ్గర చదునుగా, చక్కగా ఉంటుంది. బలం మాత్రం పోతుంది. ఒక కుచ్చిలిని పక్కదానితో కలిపి ఉంచేవి ఇప్పుడు సన్నటి చేతికుట్లే.

ఇలాంటి చోట రెండు పక్కలా పట్టీలు పెట్టి బిగిస్తే ఏమవుతుంది? లాగుడంతా ఆ కుట్ల మీద అడ్డంగా పడుతుంది. కొన్నాళ్లకు కుచ్చిళ్ల మధ్య కుట్లు నోళ్లు తెరుస్తాయి, గళ్లు కలిసిన చోట గీతలు విడిపోతాయి. దీన్ని ఆపడానికి అనుభవమున్న కుట్టేవాళ్లు లైనింగ్ వేసేముందు కుచ్చిళ్ల వెనక అడ్డంగా ఒక గట్టి బట్ట పట్టీని ఇటు చివర నుంచి అటు చివరకు సాగదీసి కుడతారు. దాని మీద గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్ వేస్తారు. అదంతా లైనింగ్ కింద దాగిపోతుంది. బకిళ్లను పట్టి ఉంచే కుట్లు పై ఉన్నిని దాటి ఈ లోపలి పొరల్లోకి దిగాలి. అప్పుడు కుడి బకిల్ నుంచి ఎడమ బకిల్ దాకా లాగుడు కాన్వాస్ గుండా సాగుతుంది. పైనున్న ఉన్ని దాన్ని కప్పి ఉంచుతుంది, అంతే.

పట్టీల విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఏ బకిల్ బాగుంది, ఏ తోలు మంచిది అన్నవి తర్వాతి ప్రశ్నలు. ఆ బకిల్ లాగే బలం ఎక్కడికి పోతుందన్నది మొదటిది. కొత్త కిల్టు చేతికి వస్తే బకిల్ ముఖం చూడటం మాని, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగి చూడండి. కింద ఉన్న ఉన్ని ఒక్కటే గుడారంలా పైకి లేస్తే కుట్లు పైపైనే ఉన్నాయని అర్థం. నడుము అంచు మొత్తం కలిసి కదిలితే పని బాగా జరిగినట్టు.

సర్దుబాటు దగ్గర ఒక అపోహ బాగా నడుస్తోంది. పొట్ట 2 అంగుళాలు పెరిగితే కుడి పట్టీని 2 అంగుళాలు వదులు చేస్తే సరిపోతుందని అనుకుంటారు. సరిపోదు. కిల్టు నడుముకు రెండు చుట్లు ఉన్నాయి. కుచ్చిళ్లు, లోపలి ఏప్రన్, ఎడమ పట్టీ కలిసి ఒక చుట్టు. కుచ్చిళ్లు, పై ఏప్రన్, కుడి పట్టీ కలిసి ఇంకో చుట్టు. కుచ్చిళ్లు రెంటికీ ఉమ్మడి. కుడి పట్టీ వదిలితే పైచుట్టే పెరుగుతుంది, లోపలి చుట్టు పాత కొలతకే బిగుసుకుని ఉంటుంది. అందువల్ల రెండు పట్టీలనూ అదే 2 అంగుళాలు వదలాలి. ఒక్కోవైపు అంగుళం చొప్పున పంచుకుంటే నడుము కొలత పెరిగేది అంగుళమే.

దీనికో మూల్యం ఉంది. పై ఏప్రన్ వెడల్పు మారదు, అది అంటుకుని ఉన్నది ఎడమవైపు. ముందు భాగం 2 అంగుళాలు పెరిగితే ఏప్రన్ కుడి అంచు అంతమేర వెనకబడుతుంది, దాని నడిమి గీత అంగుళం ఎడమకు జరుగుతుంది. కిల్టు కుట్టేవాళ్లు టార్టాన్‌లోని ఒక ప్రధాన గీతను ఏప్రన్ మధ్యకు తెచ్చి పెడతారు. స్పోరన్ సరిగ్గా దాని మీద వేలాడాలి. గీత ఒకచోట, స్పోరన్ ఒకచోట అయితే ఎవరి కంటికైనా తెలిసిపోతుంది. అందుకే పట్టీల్లో బెజ్జాలెన్ని ఉన్నా, బకిళ్లు జరిపి కుట్టినా, ఆ సర్దుబాటు అంగుళం రెండంగుళాల దగ్గరే ఆగాలి. అంతకు మించితే విప్పి మళ్లీ కుట్టాల్సిందే. కొత్త కిల్టును మధ్య బెజ్జానికి సరిపోయేలా కుట్టడంలో తెలివి ఇదే. పెరిగినా తగ్గినా చోటుంటుంది, ఏప్రన్ మాత్రం చెదరదు.

అద్దె కిల్టుల దారి వేరు. ఇవాళ ఒకరి పెళ్లికి, రేపు ఇంకొకరి పట్టభద్రోత్సవానికి పోవాలి కాబట్టి పొడవాటి పట్టీలు, ఎక్కువ బెజ్జాలు పెడతారు. గ్లాస్గోలోనో ఎడిన్‌బరాలోనో చదువుకుంటూ స్నాతకోత్సవానికి కిల్టు అద్దెకు తీసుకునే మన పిల్లలకు నడిమి గీత పక్కకు పోయి కనిపిస్తే తప్పు వాళ్లది కాదు. ఆ కిల్టు ఎవరి కొలతకూ కుట్టలేదు, అంతే.

ఇక మూడో పట్టీ. దీనిమీద కుట్టేవాళ్లు రెండు వర్గాలు. వద్దనేవాళ్ల వాదన బలంగానే ఉంటుంది. కిల్టును పట్టి ఉంచేది నడుము, అంటే మొండెంలో అన్నిటికంటే సన్నగా ఉన్న చోటు. నడుము దగ్గరి రెండు పట్టీలు అక్కడే కూర్చుంటాయి. నడుము అంచు వాటికి 2 అంగుళాలు పైకి పోతుంది. తుంటి దగ్గర కిల్టు ఒంటిని తాకీ తాకనట్టు జారాలి, అక్కడ బిగించాల్సిన పనేమీ లేదు. ఏప్రన్ అంచును సరిగ్గా మలిచి ఉంటే అది తనంతట తాను నిటారుగా దిగుతుంది. పట్టీ ఉందంటే వేసుకునేవాళ్లు దాన్ని బిగిస్తారు. బిగించగానే ఏప్రన్ మీద ఏటవాలు ముడతలు, వెనక కుచ్చిళ్లు విచ్చుకోవడం, కూర్చుంటే ఇబ్బంది. మూడో పట్టీ అంటే తప్పు చేయడానికి ఇచ్చిన అవకాశమని వాళ్ల ఉద్దేశం.

కావాలనేవాళ్లు చెప్పేది కూడా కొట్టిపారేసేది కాదు. కుడి అంచు తెరిచి ఉన్న అంచు. బ్యాండుతో నడిచేటప్పుడు, నాట్యం చేసేటప్పుడు, గాలి వీచేటప్పుడు అది తుంటి దగ్గర నుంచే విచ్చుకుంటుంది. ఒక పట్టీ దాన్ని మెల్లగా పట్టుకుని ఉంటే చాలు. పైగా జాకెట్టు వేసుకున్నప్పుడు నడుము బకిళ్లు కనబడవు, కనబడేది తుంటి బకిల్ ఒక్కటే. కొనుగోలుదారుల కంటికి కిల్టు అంటే ఆ బకిలే. అది లేకపోతే ఏదో తక్కువైనట్టు చూస్తారు.

నన్నడిగితే ఎక్కువ నడిచేవాళ్లకు, నాట్యం చేసేవాళ్లకు, నడుముకూ తుంటికీ బాగా తేడా ఉన్నవాళ్లకు మూడోది పనికొస్తుంది. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు వేసుకునేవారికి రెండు చాలు. ఎవరు పెట్టించుకున్నా ఆ మూడోదాన్ని చివర్లో, కుదురుగా నిలబడి, వేలు దూరేంత వదులుగా పెట్టుకోవాలి. కిల్టును పైకి లాగి నిలబెట్టే పని దానిది కాదు.

అసలు ఇవేవీ లేని కాలం కూడా ఉంది. పాత కట్టు పెద్ద దుప్పటంత బట్టను చేత్తో కుచ్చిళ్లు పెట్టి, నడుముకు బెల్టుతో బిగించడం. పై సగం తీసేసిన చిన్న కిల్టు 18వ శతాబ్దం మొదటి భాగంలో వచ్చింది. 1746 నాటి బ్రిటిష్ చట్టం హైలాండ్ (స్కాట్లాండ్ కొండ ప్రాంతం) దుస్తుల్ని నిషేధించింది, 1782లో ఆ నిషేధం ఎత్తేశారు. కుచ్చిళ్లను కుట్టేసిన కిల్టుల్లో ఇప్పటికి మిగిలిన పాతవి 1790ల నాటివి. 4 గజాల లోపు బట్టతో, పెట్టె మడతల (రెండు అంచులూ వెనక్కి మడిచిన) కుచ్చిళ్లతో ఉండే అలాంటి తొలి కిల్టులను పిన్నులతో గుచ్చుకునేవారు. 1854లో గోర్డన్ హైలాండర్స్ అనే స్కాటిష్ సైనిక దళం కత్తిమడతల (అన్నీ ఒకే వైపుకు మడిచిన) కుచ్చిళ్లకు మారింది. ఆ శతాబ్దంలోనే బట్ట పొడవు పెరుగుతూ 8 గజాలకు చేరింది. బట్ట రెట్టింపైతే పిన్ను ఆపలేదు. తోలూ బకిలూ స్థిరపడటానికి ఈ బరువే పెద్ద కారణమని నా లెక్క.

తోలు విషయానికొస్తే రెండే మాటలు తెలుసుకుంటే చాలు, పదును చేసిన తీరు, దళసరి. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు గట్టిగా ఉంటుంది, తక్కువ సాగుతుంది, బెజ్జాల అంచులు చాలాకాలం చెక్కుచెదరవు. గుర్రాల కళ్లాలకు వాడే, నూనె, మైనం పట్టించిన తోలు ఈ కోవలోదే. క్రోమియం లవణాలతో పదును చేసినది మెత్తగా, వేసుకున్న రోజు నుంచే హాయిగా ఉంటుంది, కానీ లాగుడుకు సాగి బెజ్జాలు కోడిగుడ్డు ఆకారంలోకి మారతాయి. పిండి చేసిన తోలును జిగురుతో కలిపి పైన ప్లాస్టిక్ పూత పూసినవి మూడో రకం. బెజ్జాల దగ్గర పగిలి పొట్టు రాలే దాకా వాటి రంగు బయటపడదు. దళసరి రెండు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే మంచిది. పల్చనైతే ముడతపడుతుంది, మందమైతే జాకెట్టు కింద ఉబ్బుతుంది, కాజాలోంచి దూరదు.

వెడల్పుల్లో ఎక్కువ కనబడేవి అంగుళం, అంగుళంపావు. వెడల్పు పట్టీ లాగుడును ఎక్కువ కుట్లకు పంచుతుంది కాబట్టి బరువు బట్టకు, పెద్ద నడుముకు అది మేలు. సన్నవాళ్లకు, పిల్లలకు అంగుళం చాలు. కాజా పొడవు కూడా పట్టీ వెడల్పుకు తగ్గట్టే ఉండాలి. పట్టీ మార్చి వెడల్పుది వేసి, కాజాను అలాగే వదిలేస్తే ముందు చిరిగేది ఆ కాజా మూలలే. కిల్టులో అన్నిటికంటే ముందు అరిగే చోటు ఇదే, పై ఏప్రన్ కప్పేస్తుంది కాబట్టి ఎవరూ చూడరు. ఎడమ కాజా ఇష్టంలేని కొందరు ఆ బకిల్‌ను లోపలే పెట్టేస్తారు. చిరిగే బాధ తప్పుతుంది, బిగించుకోవడానికి మాత్రం చెయ్యి లోపల పెట్టి తడుముకోవాలి.

లోహంలో నికెల్ పూత, క్రోమ్ పూత, ఇత్తడి మామూలు. పూత కింద ఏముందో కనుక్కోవడం మంచిది. కింద ఉక్కు ఉండి, ముల్లు రాపిడికి పూత పోయి, స్కాట్లాండ్ వాన తగిలితే తోలు మీద నీలినలుపు మరకలు పడతాయి. బెరడు తోలులో టానిన్లనే వగరు పదార్థాలు ఉంటాయి, అవి ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్లతో నల్ల గీత గీసేది ఈ రసాయన చర్యతోనే. అక్కడ అది కళ, ఇక్కడ ఉతికినా పోని మరక. ఇత్తడికి ఈ బాధ లేదు. తోలులోని కొవ్వుతో కలిసి ఆకుపచ్చటి మైనంలాంటి పాచి మాత్రం కడుతుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. చవక జింక్ మిశ్రమపు బకిళ్లు నగిషీలతో అందంగా ఉంటాయి, విరిగేది మాత్రం ముల్లు తగిలించిన సన్నటి కడ్డీ దగ్గర. పట్టీ అస్తమానం ఒరుసుకోకుండా చుట్టూ తిరిగే గొట్టం ఉన్న బకిళ్లూ దొరుకుతాయి. వాటి లాభం నిజమే, కాస్త ఎత్తుగా ఉండటం వాటి లోపం.

బకిల్‌ను పట్టి ఉంచే ముక్క గురించి నాకొక పక్షపాతం ఉంది. దుకాణాల్లో పట్టీ, బకిల్ జతగా తోలు ముక్కతోనే వస్తాయి. కొందరు కుట్టేవాళ్లు ఆ ముక్కను పక్కన పడేసి, కిల్టు బట్టతోనే మడతలు పెట్టి కొత్తది చేసి, కింద ఉన్న టార్టాన్ గీతలతో దాని గీతలు కలిసేలా కుడతారు. బాగా చేస్తే బకిల్ గాల్లో నిలిచినట్టు కనబడుతుంది. తోలు ముక్క వేగంగా అవుతుంది, బలంగానూ ఉంటుంది. కానీ బట్ట ముక్కకు ఇంకో లాభం ఉంది. అతిగా బిగిస్తే ముందు తెగేది అదే. కిల్టు బట్టకు దెబ్బ తగలదు, మిగులు బట్టతో ఇంకోటి చేసుకోవచ్చు.

కుట్టే తీరులో దారి ఒకటే. తోలుకు ముందే ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన గట్టి దారంతో చేత్తో కుట్టాలి. మిషన్ మీద దగ్గర దగ్గరగా కుట్టినప్పుడు వరుసగా పడ్డ బెజ్జాల వెంటే తోలు చిరుగుతుంది. చేతికుట్టును విప్పడమూ తేలిక. మంచి కిల్టు తండ్రి నుంచి కొడుక్కు వెళ్తుంది, తోలు అన్నేళ్లు రాదు. పట్టీలను మార్చుకునేలా కుట్టాలన్నది ఈ పనిలో మొదటి నియమంలాంటిది. డ్రైక్లీనింగ్ ద్రావకాలు తోలులోని నూనెను తీసేస్తాయి, కాబట్టి పెద్ద శుభ్రత చేయించాల్సి వచ్చినప్పుడు కొందరు పట్టీలను విప్పేసి పంపుతారు.

ఎడిన్‌బరాలోని రాయల్ మైల్ వీధిలో పర్యాటకులకు అమ్మే చవక కిల్టుల్లో ఈ గొడవలేవీ ఉండవు. చాలావాటికి వెల్‌క్రో, కొన్నిటికి పల్చటి పట్టీలు. అక్రిలిక్ బట్ట, తక్కువ గజాలు కాబట్టి మోయాల్సిన బరువే లేదు. ఇలాంటి చవక కిల్టులు, బ్యాగ్‌పైపులు పెద్ద ఎత్తున తయారయ్యేది పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో. వాటిని చూసి ముఖం చిట్లించడం నాకు సమంజసం అనిపించదు, ఒక్క సాయంత్రానికి అవి చాలు. అసలు చిక్కు అదే జత పట్టీలను 16 ఔన్సుల ఉన్ని కిల్టుకు కుట్టినప్పుడు వస్తుంది. వెల్‌క్రో అయితే ఇంకా నయం, వదులైతే వెంటనే తెలుస్తుంది. ఉన్ని నూగు దాని కొక్కేల్లో ఇరుక్కుని పట్టు తగ్గడానికి ఎక్కువ కాలం పట్టదు. సాగే తోలు అలా చెప్పదు, వారాల తరబడి మెల్లగా జారుతుంది. నడుము అంచు కిందికి దిగి, కింది అంచు మోకాలి చిప్పను దాటాక గానీ వేసుకున్నవారికి అర్థం కాదు. అప్పుడు వాళ్లు తుంటి పట్టీని బిగిస్తారు, ముడతలు మొదలవుతాయి.